ఎండ బాగా వచ్చే పెరట్లో పాపీ పూలు పెంచాలంటే

హనుమకొండ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఇంటి ముందు దక్షిణం వైపు పదడుగుల పొడవున ఖాళీ స్థలం ఉందట, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండేనట. అక్కడ ఎర్రని పాపీ పూలు పెంచాలని వారి కోరిక. నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్కలు వారం తిరగకుండానే వాలిపోయాయి. మన వాతావరణంలో ఇవి అసలు బతుకుతాయా, వంటింట్లో ఉన్న గసగసాలు చల్లితే మొలవవా అని అడుగుతున్నారు.

బతుకుతాయి, బాగా పూస్తాయి కూడా. నేను చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో నేల మీద, డాబా మీద వీటిని పెంచుతున్నాను. మీ స్థలానికి ఉన్న ఎండే వీటికి కావలసిన మొదటి వస్తువు. మిగిలిన సమాధానం ఇది: ఒక్క చలికాలంలో పుట్టి, పూసి, ముగిసిపోయే రకాన్నే ఎంచుకోండి. దీపావళి దాటాక, పూలు ఎక్కడ కావాలో అక్కడే విత్తనం చల్లండి. నారు పోసి నాటకండి. గసగసాల జోలికి మాత్రం అసలు వెళ్లకండి.

గసగసాల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఇందులో పోయేది మొక్క ఒక్కటే కాదు. మనం మసాలాలో నూరే గసగసాలు నల్లమందు తీసే మొక్క విత్తనాలు. దాని శాస్త్రీయ నామం పాపవర్ సోమ్నిఫెరమ్. గసగసాలు కొనడం, వండుకోవడం తప్పు కాదు. వాటిని మొక్కలుగా పెంచడం మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం, దానికి జైలు శిక్ష ఉంది. కేంద్రం లైసెన్సు ఇచ్చిన రైతులే ఈ పంట వేయాలి. ఆ లైసెన్సులు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో గుర్తించిన ప్రాంతాలకే పరిమితం. గ్వాలియర్ కేంద్రంగా పనిచేసే సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ వాటిని ఇస్తుంది. పూల కోసం నాలుగు మొక్కలు వేసుకోవచ్చన్న మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు.

వంటింటి డబ్బాతోనే ఈ ప్రమాదం ఆగదు. విదేశీ విత్తనాల ప్యాకెట్ల మీద పియోనీ పాపీ, బ్రెడ్‌సీడ్ పాపీ, హంగేరియన్ బ్లూ, లారెన్స్ గ్రేప్, డానిష్ ఫ్లాగ్ అని అందమైన పేర్లు కనిపిస్తాయి. అవన్నీ ఈ సోమ్నిఫెరమ్ రకాలే. అక్కడి తోటల్లో అలంకారానికి పెంచుతారు కాబట్టి ఇక్కడా పరవాలేదనుకుని తెప్పించకండి. ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొనవద్దు, శాస్త్రీయ నామం చదవండి. అది రాసి లేకపోతే ఆ ప్యాకెట్ వదిలేయండి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న పిల్లలు సూట్‌కేసులో విత్తనాలు వేసుకొచ్చే అలవాటు కూడా మంచిది కాదు. విత్తనాల దిగుమతికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది, పత్రాలు కావాలి. మన దేశంలోనే చలికాలపు పూల విత్తనాలు అమ్మే దుకాణాల్లో షిర్లీ పాపీ, కాలిఫోర్నియా పాపీ దొరుకుతున్నాయి.

తెలియకుండా వేరే రకం మొలిచిందేమోనని అనుమానం వస్తే ఆకు చూడండి. నల్లమందు మొక్క ఆకు నున్నగా, నీలం కలిసిన బూడిద ఆకుపచ్చ రంగులో ఉంటుంది. దాని మొదలు కాండాన్ని చుట్టుకుని పట్టుకున్నట్టు కనిపిస్తుంది. షిర్లీ పాపీ ఆకు లోతుగా చీలి ఉంటుంది, కాండం నిండా గరుకు నూగు. కాయలోనూ తేడా స్పష్టం. నల్లమందు కాయ పెద్ద నిమ్మకాయంత వరకు ఊరుతుంది, షిర్లీ కాయ వేలి కొన కన్నా చిన్నది. అనుమానం నిజమైతే పూత దాకా ఆగకుండా అప్పుడే పీకేయండి.

ఇక ఏ రకం వేయాలి? మీ స్థలానికి నా మొదటి ఓటు షిర్లీ పాపీకే. ఇది పాపవర్ రోయాస్ జాతి, ఐరోపా గోధుమ పొలాల్లో కలుపుగా మొలిచే ఎర్ర పాపీకి తోట రూపం. 1880 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని షిర్లీ అనే ఊళ్లో విలియం విల్క్స్ అనే చర్చి గురువు, పొలం పాపీల మధ్య రేకు అంచున సన్నని తెల్ల గీత ఉన్న పువ్వును ఒకే ఒక్కటి చూశాడు. దాని విత్తనం దాచి, ఏటేటా మంచివాటిని ఉంచుకుంటూ, నచ్చనివాటిని పీకేస్తూ గులాబీ, తెలుపు, లేత నారింజ రంగులను సాధించాడు. రేకు మొదట్లో ఉండే నల్ల మచ్చను కూడా తొలగించాడు. మీకు అచ్చమైన ఎరుపే కావాలంటే ప్యాకెట్ మీద కార్న్ పాపీ అనో ఫ్లాండర్స్ పాపీ అనో ఉన్నది కొనండి. షిర్లీ మిశ్రమంలో ఎరుపు ఒక వంతే వస్తుంది.

రెండోది కాలిఫోర్నియా పాపీ. అది వేరే ప్రజాతి, ఎష్‌షోల్జియా. 1903 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర పుష్పం. ఎండ ఎంత ఉంటే అంత విప్పారుతుంది, మబ్బు పడితే ముడుచుకుంటుంది, సాయంత్రానికి మూసుకుంటుంది. పువ్వు ఎక్కువగా పసుపు, నారింజ. ఎర్రపూలే కావాలన్న మీ కోరిక దీనితో తీరదు కానీ మొదటిసారి పెంచేవారికి ఇంత ఓర్పున్న పాపీ ఇంకొకటి లేదు. మడి ముందు వరసలో ఇది, వెనక వరసలో షిర్లీ వేస్తే ఎత్తులు కూడా కుదురుతాయి. ఇది అడుగుకు అటూ ఇటూగా ఉంటుంది, షిర్లీ రెండడుగులకు పైగా లేస్తుంది.

ఐస్‌లాండ్ పాపీకి మనకన్నా ఎక్కువ చలి కావాలి. ఉత్తరాది తోటల్లో అద్భుతంగా పూస్తుంది, హైదరాబాద్‌లో ఓ మోస్తరుగా పూస్తుంది. ఓరియంటల్ పాపీ ఏళ్ల తరబడి బతికే మొక్క. దానికి గడ్డకట్టే చలికాలం కావాలి, మన వేసవిని అది తట్టుకోలేదు. నీలి హిమాలయ పాపీ విత్తనాలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. మెకోనాప్సిస్ అనే ఆ మొక్క ఎత్తైన హిమాలయాల చల్లని తేమలో పెరిగేది. విత్తనం అసలైనదే అయినా దక్కన్ పీఠభూమిలో అది బతకదు.

మీ నర్సరీ మొక్కలు ఎందుకు చనిపోయాయి?

దీనికి జవాబు మీ ఊరి పొలిమేరలోనే ఉంది. రోడ్డు పక్కన, బీడు భూముల్లో, రైలు పట్టాల కంకరలో పసుపు పూలు పూసే ముళ్ల మొక్కను చూసే ఉంటారు. బలురక్కసి అంటారు, కొన్నిచోట్ల బ్రహ్మదండి. ఆకుల మీద ఈనెల వెంబడి తెల్లని చారలు, తుంచితే పసుపు పాలు. అది కూడా పాపీ కుటుంబానిదే, మెక్సికో వైపు నుంచి వచ్చి మన నేలలో స్థిరపడింది. ఒకసారి చేతికి గుడ్డ చుట్టుకుని దాన్ని పీకి చూడండి. పక్క వేర్లు దాదాపు ఉండవు, ఒకే తల్లివేరు నిటారుగా లోతుకు దిగి ఉంటుంది, సగంలోనే తెగి చేతికొస్తుంది. అది ఎక్కడ పెరుగుతోందో కూడా గమనించండి. నీడ లేదు, ఎరువు లేదు, నీళ్లు పోసేవారు లేరు, నీరు నిలిచే చోటు కాదు. పాపీకి ఏం కావాలో, ఏం అక్కర్లేదో అది చూస్తే తెలిసిపోతుంది. విత్తనాలను మాత్రం పిల్లలకు అందనివ్వకండి, విషం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసి జనం ప్రాణాలు పోయాయి.

షిర్లీ పాపీ వేరు స్వభావం కూడా ఇదే. చిన్న కవర్లో పెరిగిన మొక్కకు తల్లివేరు అడుగుకు తగిలి వంకర తిరిగి ఉంటుంది. కవరు చించి నాటేటప్పుడు ఉన్న సన్నని వేర్లు తెగుతాయి. పైన ఆకులు మెత్తనివి, నీళ్లు త్వరగా ఆవిరై పోతాయి. మొక్క వాలిపోతుంది. వాలింది కదా అని మనం ఇంకా నీళ్లు పోస్తాం, దెబ్బతిన్న వేరు ఆ తడికి కుళ్లుతుంది. ఇందులో మీ పెంపకం లోపం కన్నా ఆ మొక్కను అమ్మిన పద్ధతి లోపమే ఎక్కువ. నేలలో విత్తనం పడి, అక్కడే వేరు దిగిన పాపీ ఆ ఎండలోనే దిటవుగా నిలబడుతుంది.

ఎప్పుడు చల్లాలి?

వరంగల్, హైదరాబాద్ ప్రాంతాల్లో అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దిగువకు దిగడం మొదలైందంటే సమయం వచ్చినట్టే. ఆదిలాబాద్ వైపు చలి ముందే దిగుతుంది, వారం ముందు చల్లవచ్చు. తొందరపడి సెప్టెంబరులో చల్లితే నేల వేడికి సగం మొలవదు, మొలిచింది నారుకుళ్లుకు పోతుంది. డిసెంబరు నడిమికి జరిపితే మొక్క ఎదగకముందే ఎండలు వచ్చిపడతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అన్నది పాపీ మడికి అక్షరాలా వర్తిస్తుంది. ఆ తరువాత పూత ఎక్కువ రోజులు నిలవదు. నవంబరులో పడిన విత్తనం జనవరి చివరి నుంచి పూస్తుంది, ఫిబ్రవరి నిండు నెల.

బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే ఆగండి. ఒక్క రోజు కుండపోత వాన చాలు, ఆ సన్నని విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది. అందుకే నేను సగం విత్తనమే ముందు చల్లుతాను, మిగతా సగం రెండు వారాల తరువాత. మొదటిది బతికితే పూత కాలం పొడుగవుతుంది, పోతే రెండోది ఉంటుంది.

మట్టి

మీ మట్టి సంగతి రాయలేదు. మీ ప్రాంతంలో ఎర్రచల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. ఎర్రమట్టి అయితే పెద్ద పని లేదు. నల్లమట్టి అయితే తడి పట్టి ఉంచుతుంది, పాపీ వేరుకు అదే శత్రువు. అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపండి. ఒకసారి ఇంకనిచ్చి మళ్లీ నింపండి. రెండోసారి గంటల తరబడి నీరు నిలిచి ఉంటే నేల మీద చల్లకండి. ఇటుకలు పేర్చి అరడుగు ఎత్తు మడి కట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక కలిపి నింపండి.

ఎరువు తక్కువ వేయండి. బాగా మాగిన పశువుల ఎరువు మీ పదడుగుల మడికి ఒక గంప చాలు. పచ్చి పేడ వద్దు, యూరియా అసలే వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకులు గుబురుగా లేస్తాయి, కాడలు మెత్తబడి పడిపోతాయి, పూలు తగ్గుతాయి. గులాబీలకు పెట్టే పోషణ దీనికి పెడితే చెడగొట్టినట్టే.

చల్లే పద్ధతి

ఇక్కడ కాస్త నిదానం కావాలి. మడి సిద్ధం చేశాక వెంటనే చల్లకండి. తడిపి రెండు వారాలు వదిలేయండి. నేలలో ఉన్న గడ్డి, తుంగ, కలుపు మొలుస్తాయి. వాటిని పైపైనే గీకి తీసేయండి, మళ్లీ లోతుగా తవ్వకండి. ఈ పని చేయకపోతే తరువాత పాపీ మొలక ఏదో కలుపు ఏదో తెలియక రెండూ పీకేస్తారు. పాపీ మొలక మొదట దారంలా సన్నని రెండు ఆకులతో వస్తుంది, దాని మీద కలుపు నీడ పడితే చాలు నశిస్తుంది.

విత్తనం ధూళిలా ఉంటుంది. ఒక చిటికెడు విత్తనాన్ని గ్లాసెడు పొడి సన్న ఇసుకలో బాగా కలపండి. సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి, ఇసుక తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పడిందో తెలుస్తుంది. పైన మట్టి కప్పకండి. ఈ విత్తనం వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం యుద్ధభూముల నిండా ఎర్ర పాపీలు విరగబూయడానికి ఒక కారణం ఇదే. ఏళ్ల తరబడి నేలలో నిద్రాణంగా ఉన్న విత్తనం, ఫిరంగి దెబ్బలకు మట్టి తిరగబడి వెలుతురు తగలగానే మొలిచింది. యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం నవంబరు 11న బ్రిటన్‌లో కోటు మీద పెట్టుకునే కాగితం పువ్వు ఆ పువ్వే.

చల్లాక చెక్కతో మెత్తగా అదమండి, విత్తనం నేలకు అంటుకుంటే చాలు. నీళ్లు స్ప్రేయర్‌తోనే కొట్టండి, మగ్గుతో పోయకండి. మొలక వచ్చేదాకా, అంటే రెండు మూడు వారాల వరకు, పై మట్టి ఆరిపోకుండా చూసుకోవాలి. చీమలు ఈ విత్తనాన్ని మోసుకుపోతాయి. మడి చుట్టూ కట్టెల బూడిద గీత వేయండి, తడిసినప్పుడల్లా మళ్లీ వేయండి.

నాలుగైదు ఆకులు వచ్చాక పలుచన చేయాలి. చాలామందికి చేయి రాదు, అందుకే పూలు రావు. మొక్కకూ మొక్కకూ మధ్య ఒక జాన దూరం ఉంచి మిగతావి తీసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది కాబట్టి చిన్న కత్తెరతో నేల మట్టానికి కత్తిరించండి. ఆ సమయంలోనే ఎండు కందికట్టెలు మడిలో అక్కడక్కడ గుచ్చితే తరువాత గాలికి పడిపోకుండా మొక్కలు వాటికి ఆనుకుంటాయి.

ఆ తరువాత పని తక్కువ. నేలలో అయితే మూడు నాలుగు రోజులకోసారి, పొద్దున, మొక్క మొదట్లో నీళ్లు. వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి చూడండి, తడి తగిలితే ఆ రోజు మానేయండి. సాయంత్రం ఆకులు తడిపితే బూజు తెగులు వస్తుంది. జనవరిలో మొగ్గల కింద పేనుబంక చేరుతుంది. కొద్దిగా ఉంటే నీటి ధారతో కడిగేయండి, ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ కొట్టండి. విప్పిన పూల మీద కొట్టకండి. పాపీలో తేనె ఉండదు, పుప్పొడి కోసమే తేనెటీగలు వస్తాయి. కార్న్ పాపీ పుప్పొడి నల్లగా ఉంటుంది, ఉదయం పూట వాటి కాళ్లకు ఆ నల్లని ముద్దలు కనిపిస్తాయి.

పువ్వు విప్పడం మాత్రం ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. నూగు నిండిన మొగ్గ చాలా రోజులు తల వంచుకునే ఉంటుంది. విప్పే ముందు మెడ నిటారుగా లేస్తుంది. తెల్లవారుజామున మొగ్గ పై తొడుగు రెండుగా చీలి కింద రాలుతుంది. లోపల నలిగి ముడతలు పడి ఉన్న రేకులు మెల్లగా సాగి, ఎండ ఎక్కేసరికి ముడతలు తీరి అరచేతి వెడల్పున నిలుస్తాయి. పువ్వు ఆయుష్షు రెండు మూడు రోజులే, ఒక్కోసారి ఒక్క రోజే. రాలిపోతున్నాయని కంగారు పడకండి, దాని తీరే అంత. రేకులు రాలగానే కాయను తుంచేస్తూ ఉంటే మొక్క కొత్త మొగ్గలు వేస్తుంది, మడి నెల పైన పూలతో ఉంటుంది. గాజు సీసాలో పెట్టుకోవాలంటే రంగు గీత కనిపించే మొగ్గను కోసి, కాడ చివరను కొన్ని క్షణాలు మంటకు చూపించి నీళ్లలో పెట్టండి, లేకపోతే గంటలోనే వాడిపోతుంది.

చదివేవారిలో డాబా మీద పెంచేవారు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. కనీసం అడుగు లోతున్న గ్రో బ్యాగు కావాలి. కోకోపీట్ ఎక్కువ కలిపిన మట్టి వద్దు, తడి వదలదు. కాంక్రీటు వేడి ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, అందుకని బ్యాగులను ఇటుకల మీద పెట్టండి. విజయవాడ, కాకినాడ, విశాఖ వారికి నా సలహా వేరు. అక్కడి గాలిలో తేమ, వెచ్చని రాత్రులు పాపీకి పడవు. ఒక బ్యాగులో కాలిఫోర్నియా పాపీ వేసి చూడండి, మడి నిండా మాత్రం గడ్డిగులాబీ, జీనియా వేసుకోండి. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్, అరకు, లంబసింగి వైపు వారు అదృష్టవంతులు. ఐస్‌లాండ్ పాపీ కూడా ధైర్యంగా ప్రయత్నించవచ్చు.

ఏ పాపీ మొక్కనూ తినే వస్తువుగా చూడకండి. షిర్లీలో నల్లమందు లేకపోయినా ఆకు, కాండం, కాయ ఏవీ కూరకు గానీ మందుకు గానీ పనికిరావు. కుక్కపిల్ల ఉంటే మడికి కంచె కట్టండి. షిర్లీ కాయల గింజలను గసగసాల డబ్బాలో కలపడం కూడా వద్దు.

విత్తనం దాచుకోవాలంటే ఫిబ్రవరిలోనే నిర్ణయించుకోండి. నచ్చిన రంగు పువ్వుకు దారం కట్టి ఆ కాయను మాత్రం ఎండనివ్వండి. విల్క్స్ చేసిన పని ఇదే. ఏరకుండా అన్ని కాయలూ కలిపి దాస్తే కొన్నేళ్లకు మడి మళ్లీ పొలం ఎరుపు వైపు మళ్లుతుంది, మీకు కావలసింది ఎరుపే అయితే అదీ మంచిదే. కాయ గోధుమ రంగుకు తిరిగి, మూత కింద ఉప్పు డబ్బాకు ఉన్నట్టు చిన్న రంధ్రాలు తెరుచుకున్నాక, పొడి మధ్యాహ్నం వేళ కాగితం కవర్లోకి వంచి దులపండి. ప్లాస్టిక్ కవరు వద్దు. రకం పేరు, నెల రాసి, తేమ తగలని డబ్బాలో పెట్టండి.

మార్చిలో ఎండిన మొక్కలను కోసి కంపోస్టులో వేయవచ్చు, కాయలు మాత్రం ముందే తీసేయండి. లేకపోతే ఆ ఎరువు ఎక్కడ వేస్తే అక్కడ, టమాటా మడిలోనూ కొత్తిమీర మడిలోనూ, వచ్చే చలికాలం పాపీలే మొలుస్తాయి.